ఎనకేరు

మా ఇంట్లో అబద్ధానికి ఒక పేరుంది. ఎనకేరు. నిఘంటువుల్లో వెతక్కండి, దొరకదు. రాయగడలో మా కొట్టున్న వీధి మలుపు తిరిగితే ఆ మాట ఎవరికీ తెలియదు. సరుకు రేపు తప్పకుండా పంపిస్తానని ఏజెంటు ఫోనులో ఒట్టు పెడితే మావగారు ఫోను పక్కన పడేసి "ఎనకేరు" అంటారు. కడుపునొప్పి, బడికి వెళ్లం అని పిల్లలు మొండికేస్తే మా ఆయన ఎనకేరు కబుర్లు మానమని కసురుతారు. కొట్లో బస్తాలు దించే ఒడియా మనిషి కూడా తన భాష మధ్యలో ఈ మాటని తెచ్చి ఇరికిస్తాడు. నేను కోడలిగా వచ్చిన కొత్తలో అదేదో తినే వస్తువనుకున్నాను. వీళ్లంతా రోజూ తలుచుకుంటున్నారు, ఒక్కరోజూ వండరేమిటని కూడా అనుకున్నాను.

తర్వాత తెలిసింది, అది మా అత్తగారి ఏరు. ఆవిడ పుట్టింది శ్రీకాకుళం అవతల, నాగావళి సముద్రంలో కలిసే చోట. వాళ్ల నాన్నకి అక్కడ ఉప్పు వ్యాపారం. పెళ్లయ్యాక కొండలెక్కి వచ్చి, అప్పట్లో కల్యాణసింగ్‌పూర్‌లో ఉన్న మావగారి పాత కొట్టు వెనక రెండు గదుల్లో కాపురం పెట్టింది. అక్కడా నాగావళే. అక్కడ అది ఇంకా లంగా కట్టుకున్న పిల్ల, రాళ్ల మీంచి ఎగురుకుంటూ పోతుంది. కొత్త కోడలు ఒక సాయంత్రం అందరికీ వడ్డిస్తూ, మా ఊళ్లో ఈ ఏరే వెనక్కి నడుస్తుంది, పొద్దున్న సముద్రంకేసి పోయిన నీళ్లు మధ్యాహ్నానికి కొండలకేసి తిరిగొస్తాయి అని చెప్పిందట. మావగారికి అన్నం పొలమారింది. ఆయన అన్నదమ్ములు విస్తళ్ల ముందు పడిపడి నవ్వారు. ఆ నవ్వు నలభై ఏళ్ల పైచిలుకు నడిచింది. వెనక్కి వెళ్లే ఏరు నోళ్లలో అరిగి అరిగి ఎనకేరు అయింది.

ఈ వ్యవహారంలో నాది మావగారి పక్షం. నేను పుట్టి పెరిగింది మాచ్‌ఖండ్ కాలనీలో. మా నాన్న అక్కడ పవర్‌హౌసులో పని చేసేవారు. నీళ్లు పైనుంచి కిందికి పడతాయి, పడితే చక్రాలు తిరుగుతాయి, చక్రాలు తిరిగితే కరెంటు, కరెంటు ఉంటే మా నాన్నకి జీతం. మా కాలనీ మొత్తం ఈ ఒక్క నమ్మకం మీద అన్నం తిన్నది. నీళ్లు వెనక్కి నడుస్తాయని ఎవరైనా అంటే మా నాన్న ఉద్యోగాన్ని తిట్టినట్టే ఉండేది నాకు.

ఆటుపోట్లు అనే మాట నాకు తెలియక కాదు. బళ్లో చదివాను, చంద్రుడి వల్ల అని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. కానీ అది సముద్రం ఒడ్డున ఇసక మీద జరిగే సంగతి అనుకున్నాను. జీవితంలో ఆటుపోట్లు అని మా వాళ్లలో మాట్లాడని మనిషి లేడు, నీళ్లలో వాటిని చూసిన మనిషీ లేడు. మావగారు సముద్రం చూడనివారు కాదు. సరుకు పని మీద విశాఖపట్నం వెళ్లినప్పుడల్లా బీచిలో కూర్చుని బఠానీలు తిని వచ్చేవారు. అలలు వస్తాయి, పోతాయి, అది దాని పని, ఏరు పని ఏరుది అనేవారు. ఆయన పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్లు.

అత్తగారు మొదట్లో వాదించిందట. తర్వాత నవ్వి ఊరుకోవడం అలవాటు చేసుకుంది. పెళ్లయిన కొన్నాళ్లకే వాళ్ల నాన్న ఉప్పు మానేసి సంసారాన్ని విజయనగరం మార్చేశారు. దాంతో ఆ ఊళ్లో ఆవిడకి పుట్టిల్లు లేకుండా పోయింది. పుట్టిల్లు లేని ఊరికి ఆడది ఏ వంక చెప్పి వెళ్తుంది? పండగలకి, పురుళ్లకి విజయనగరం వెళ్లి వచ్చేది. ఏటి మాట మాత్రం ఎవరో ఒకరు ఎత్తి నవ్వితే తనూ అందరితోపాటు నవ్వేది. నేనైతే వడ్డిస్తున్న గిన్నె తీసి వాళ్ల నెత్తిన బోర్లించేదాన్ని.

మొన్న మాఘమాసంలో శ్రీకాకుళంలో బంధువుల పెళ్లికి వెళ్లాం, అత్తగారు, మావగారు, మా ఆయన, నేను. పెళ్లయిన మర్నాడంతా ఖాళీ. మా ఆయన ఫోనులో ఏదో చూసి, నాగావళి చివర పడవలు అద్దెకిస్తున్నారట, మనమే తెడ్డు వేసుకుని తిరగొచ్చట అన్నారు. విడిదింట్లో కాఫీ తాగుతున్నాం. అత్తగారు గ్లాసు కింద పెట్టింది. ఆవిడ ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం నేనెప్పుడూ వినలేదు.

"నాయనా, ఓపాలి ఆ ఏటికాడికి తీసుకెళ్తావేటి? మీ నాన్న ఓపాలి కళ్లతో సూడాల. ఇంకేటీ అడగను" అంది.

మావగారు వెంటనే సరేనన్నారు. చూసేస్తే ఈ కథ ఈ జన్మకి ముగిసిపోతుందని ఆయన సంబరం. పెళ్లివారి దగ్గర మిగిలిన పులిహోర, చేగోడీలు కట్టించుకుని ఆటో ఎక్కాం.

దారిలో అత్తగారు ఆటో అంచుకి జరిగి కూర్చుంది. కొబ్బరితోటలు, జీడిమామిడి తోటలు దాటుతుంటే ఒక్కోచోట మెడ చాచి చూసేది. ఇదేనా మీ ఊరు అని అడిగితే, ఏమో, అప్పుడు ఇన్ని డాబాలు లేవు అంది. ఉప్పు ఆరబోసిన కొఠార్ల జాగాలో రొయ్యల చెరువులున్నాయి. వాళ్ల ఇల్లు ఉన్న వీధిని ఆవిడ పోల్చుకోలేకపోయింది. ఇల్లే లేదు, ఇంక ఏరేం ఉంటుందని మావగారు వేళాకోళమాడారు.

ఏరు ఉంది. ఆటో దిగి సరుగుడు చెట్ల సందులోంచి బయటపడేసరికి అది ఎదురుగా ఉంది. నేను నిలబడిపోయాను. నాకు తెలిసిన నాగావళి మా ఊరి వంతెన కింద బండరాళ్లని ఒరుసుకుంటూ, ఎండాకాలంలో మోకాలు లోతున, వానాకాలంలో ఎర్రగా రంకెలేస్తూ పోయేది. ఇక్కడ అవతలి ఒడ్డు పల్చటి పచ్చ గీత. మధ్యలో అంతా నీళ్లు, నీళ్ల మీద ఎండ. ఇంత నీరు ఒకచోట ఉండి ఒక్క చప్పుడూ చేయకపోవడం నేనెప్పుడూ చూడలేదు. మాచ్‌ఖండ్‌లో నీళ్ల గొప్పంతా మోతలో ఉండేది, పక్క మనిషి మాట వినబడనంత మోత. ఈ నిశ్శబ్దం ముందు నాకు భయం లాంటిది కలిగింది. భయం కాదు. గుళ్లో తెర తీసే ముందు ఒళ్లు జలదరిస్తుందే, అది.

పడవని కనూ అంటారట. పసుపురంగు వేసిన ఫైబరు పడవ, సన్నగా పొడుగ్గా చిక్కుడుకాయలా ఉంది. లోపల గింజల్లా ఒకరి వెనక ఒకరం కూర్చోవాలి. నీళ్లలో పడినా మునగకుండా మా అందరికీ తొడుక్కోవడానికి నారింజరంగు జాకెట్లు ఇచ్చారు. మావగారి బొజ్జకి బకిలు అందక ఇద్దరు మనుషులు బిగించాల్సి వచ్చింది. జీవితమంతా తక్కెడ పట్టిన మనిషి కదా, ఎవరు ముందు, ఎవరు వెనక అని మమ్మల్ని ఎక్కించి, దించి, మళ్లీ ఎక్కించి తూకం కుదిర్చారు. ముందు అత్తగారు, తర్వాత నేను, నా వెనక మావగారు, ఆఖర్న తెడ్డుతో మా ఆయన. ఇంకో తెడ్డు నా చేతికి వచ్చింది.

పడవ అద్దెకిచ్చిన మనిషి ఏటి మధ్యలో వరసగా పాతిన గుంజల్ని చూపించాడు. అవి చేపల వాళ్లు వలలు కట్టుకునేవి. ఏరు సముద్రంలోకి నోరు తెరిచే చోటుని అక్కడ మొగ అంటారు. ఆఖరి గుంజలు దాటి మొగ దిక్కు వెళ్లొద్దని గట్టిగా చెప్పాడు. "నీరెక్కినప్పుడు ఎనక్కి తిరగండి, సులువు" అని కూడా అన్నాడు. ఇంతకీ ఈ ఏరు వెనక్కి నడుస్తుందా లేదా అని నేను అతన్ని అడగబోయాను. నోట్లో నువ్వుగింజ నానని రకాన్ని. అత్తగారు నా ముంజేయి పట్టుకుని నొక్కింది. అడగొద్దని కళ్లతోనే చెప్పింది. మావగారు తనంతట తను చూడాలని కాబోలు అనుకుని ఊరుకున్నాను.

మొదట కాసేపు గుండ్రంగా తిరిగాం. నేను కుడివైపు వేస్తే మా ఆయన కూడా కుడివైపే వేస్తారు. సంసారంలో ఎలాగో ఇక్కడా అలాగే, ఇద్దరిలో ఒకరు మానేస్తే పడవ తిన్నగా వెళ్లింది. నేను మానేశాను. నీళ్లు సముద్రంకేసే పోతున్నాయి, మమ్మల్ని కూడా మెల్లగా తీసుకుపోతున్నాయి. ఒడ్డు వెంబడి మడచెట్లు, వాటి కింద బురదలో వేళ్లు పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఆ బురద నిండా గోరంతేసి పీతలు. ఒక చెయ్యి చిన్నది, ఒక చెయ్యి ఒళ్లంత పెద్దది, ఆ పెద్ద చేతిని ఎత్తి అన్నీ ఒకేసారి ఊపుతున్నాయి. ఎవర్ని పిలుస్తున్నాయో ఏమో. నీళ్లలోంచి వెండి బిళ్లల్లాంటి చేపలు ఎగిరి పడుతున్నాయి. మేం చేప తినని వాళ్లం, పేర్లు తెలియవు. తెల్లకొంగలు ఒక్కో గుంజ మీద ఒక్కొక్కటి కూర్చుని మమ్మల్ని లెక్కచేయలేదు.

నేను చెయ్యి నీళ్లలో పెట్టి ఊరుకున్నాను. కల్యాణసింగ్‌పూర్ రాళ్ల మీద దూకిన నీళ్లు, మా వీధి కుళాయికి అందకుండా వంతెన కిందనుంచి జారిపోయిన నీళ్లు, పార్వతీపురం పొలాలన్నీ తాగగా మిగిలినవి ఇక్కడికి చేరి ఇలా వెడల్పుగా పడుకున్నాయి. రోజూ చూసే మనిషి ఎక్కడో దూరదేశంలో మహారాణి అని తెలిస్తే ఎలా ఉంటుంది? నాకు అలా ఉంది. తడి వేలు నాలిక మీద పెట్టుకుంటే చప్పటి నీళ్ల అడుగున ఉప్పు తగిలింది. నీకు దండం తల్లీ అని మనసులో అనుకున్నాను, నేను దేవుడికి కూడా అంత తొందరగా దండం పెట్టను.

ఆఖరి గుంజల దగ్గరికి వచ్చాక పడవ ముక్కుకున్న తాడుని ఒక గుంజకి కట్టేశాం. నీటి తోపుకి పడవ తనే సర్దుకుని, ముక్కు కొండల వైపు, తోక సముద్రం వైపు పెట్టి నిలబడింది. మేమందరం పడమటి వైపు చూస్తూ కూర్చున్నాం. చాలా దూరంలో కొండలు, ఉన్నాయో లేవో అన్నట్టు. వెనక ఎక్కడో సముద్రం హోరు సన్నగా. పులిహోర పొట్లాలు విప్పుకున్నాం.

తింటున్నంతసేపూ మావగారు అత్తగారిని వదిలిపెట్టలేదు. నీళ్లు పడవ ముక్కుని రాసుకుంటూ మా పక్కనుంచి సముద్రంలోకి పోతున్నాయి. చూడు, బుద్ధిగా తలొంచుకుని పోతోంది, మర్యాదస్తుల ఏరు, దీని మీదనా నువ్వు అన్నేళ్లు చాడీలు చెప్పావు అన్నారు. ఆవిడ ఉండండి అంది. కాసేపటికి ఆయన మళ్లీ మొదలెట్టారు. ఉండండి అని ఆవిడ మళ్లీ అంది.

ఎండ ఒంటికి వెచ్చగా హాయిగా ఉంది. మా ఆయన టోపీ మొహం మీదకి లాక్కుని నిద్రలోకి జారారు. నేను అత్తగారి వీపు చూస్తున్నాను. ఆవిడ పొట్లం విప్పలేదు. నీళ్లని చూస్తోంది, ఎవరైనా ఆసుపత్రి తలుపు చూసినట్టు. ఉన్నట్టుండి వెనక్కి వంగి, మావగారికి వినపడకుండా అడిగింది.

"అమ్మీ, ఇది ఆ ఏరేనంటావా?"

అప్పటిదాకా ఇదంతా నాకు ఒక సరదా. ఆ గొంతు విన్నాక సరదా పోయింది. ఏరు వెనక్కి నడవకపోతే ఈవిడ ఇంటికెళ్లి మళ్లీ ఆ నవ్వుల మధ్య కూర్చుని వడ్డించాలి, ఈసారి చెప్పుకోవడానికి మా ఊరు అనే మాట కూడా మిగలదు. నీళ్లు వెనక్కి నడవాలని, ఆ ఒక్క పూటకి మా నాన్న ఉద్యోగం అబద్ధం కావాలని నేను మొక్కుకున్నాను.

ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు. పడవ ముక్కు దగ్గర నీళ్ల గలగల వినబడటం మానేసింది, అంతే. ఒక ఎండుటాకు మా పక్కన నీళ్ల మీద నిలబడి ఉంది. ఎటూ పోవడం లేదు. ఏరంత ఏరు కదలకుండా నిలబడిపోయింది. గాలి కూడా పడిపోయింది. ఆకాశం, గుంజలు, కొంగలు అన్నీ తలకిందులుగా నీళ్లలో కనబడుతున్నాయి. ఊపిరి గట్టిగా తీస్తే చెదిరిపోతుందేమో అనిపించి నేను మెల్లగా పీల్చాను.

ముందుగా కనిపెట్టింది మావగారు. కొలతలు చూసే కన్ను కదా. మేం వచ్చినప్పుడు గుంజ మీద తడిసి నల్లగా ఉన్న మేర ఇప్పుడు నీళ్లలోకి పోయింది. ఆయన అది చూశారు, పడమటి కొండలకేసి చూశారు, మొహం పాలిపోయింది.

"నీరెక్కతంది. ఏరొస్తంది, ఒడ్డుకి పోనీ" అన్నారు.

మా వైపు నీరెక్కడం అంటే ఒకటే అర్థం. కల్యాణసింగ్‌పూర్‌లో మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ ఉండగా, ఎక్కడో కొండ మీద కురిసిన వాన ఏటిలోకి దిగి గోడలా వస్తుంది. ఏరొచ్చింది అని ఎవరో అరుస్తారు, ఒడ్డున ఉన్నవాళ్లు బిందెలు వదిలేసి పరిగెత్తుతారు. మావగారి పాత కొట్టులో చింతపండు, ఇప్పపువ్వు బస్తాలు అలా ఒకసారి తడిసి ముద్దయిపోయాయి. ఏరు వస్తే కొండల మీంచే వస్తుంది. ఆ భయంలో పుట్టినవాళ్లం మేం ముగ్గురం. మా ఆయన ఉలిక్కిపడి లేచి తెడ్డు కోసం తడుముకున్నారు, నేను తాడు ముడి విప్పడానికి ముందుకి వంగాను. మాఘమాసంలో వానేమిటి, ఆకాశంలో మబ్బుతునక లేదే అని ఒక్కరికీ తట్టలేదు. ముగ్గురం కొండలకేసే కళ్లప్పగించి వరద కోసం చూస్తున్నాం.

అత్తగారు మాత్రం కొండలకేసి చూడటం లేదు. కూర్చున్న చోటే వెనక్కి తిరిగి, మా తలల మీదుగా సముద్రంకేసి చూస్తోంది. తాడు మీద ఉన్న నా చేతిని మెల్లగా తీసేసింది.

అప్పుడు పడవ కదిలింది. ఎవరం తెడ్డు వేయలేదు. తోక ముందు కొంచెం పక్కకి జరిగింది, ఆగింది, మళ్లీ జరిగింది. ఎదురుగా ఉన్న కొండలు ఎడమచేతి వైపు పోయాయి. మడచెట్లు వచ్చాయి, అవీ పోయాయి. చిన్నపిల్లవాణ్ణి భుజాలు పట్టుకుని ఇటు చూడు నాయనా అని తిప్పినట్టు, ఆ నీళ్లు మావగారిని కూర్చున్నవారిని కూర్చున్నట్టే పడమటి నుంచి తూర్పుకి తిప్పేశాయి. ఆయన కొండల్లో వెతుకుతున్న ఏరు ఎదురుగా సముద్రంలోంచి వస్తోంది. మొగ దగ్గర ఇసక తిన్నెల మధ్యనుంచి, ఒడ్డునుంచి ఒడ్డుదాకా, ఒక్క చప్పుడు లేకుండా, తలెత్తుకుని వస్తోంది.

నిలబడి ఉన్న ఎండుటాకు ఒక చుట్టు తిరిగి కొండలకేసి ప్రయాణం కట్టింది. దాని వెనక నురగ, నురగ వెనక ఒక కొబ్బరిడొక్క, విరిగిన మట్టలు, ఎవరో మొగ దగ్గర వదిలిన బంతిపూలు. మేం వచ్చేటప్పుడు ఏవేవి పోతూ కనిపించాయో అవన్నీ మమ్మల్ని దాటి పైకి పోతున్నాయి. ఇంత పెద్ద ఏటిని ఎవరు తోస్తున్నారు? చంద్రుడని నేను రాసి మార్కులు తెచ్చుకున్నాను. ఆ పగటిపూట చంద్రుడు ఎక్కడున్నాడో కూడా నాకు తెలియదు. కనబడని చెయ్యి ఒకటి ఆకాశంలో ఎక్కడో ఉండి, రోజూ, మేం రాయగడలో చింతపండు తూచుకుంటున్న ప్రతి రోజూ, ఈ పని చేస్తూనే ఉంది. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేతులు జోడించానని తర్వాత మా ఆయన చెప్పారు, నాకు గుర్తులేదు.

మావగారి మొహం చూశాను. నోరు కొంచెం తెరిచి ఉంది. ఆయన జీవితంలో నవ్వడానికి, బేరమాడటానికి, కసరడానికి తప్ప నోరు తెరవగా నేను చూడలేదు. నన్ను ఒరుసుకుంటూ ముందుకి సాగి తాడు ముడి ఆయనే విప్పారు. పడవ గుంజని వదిలిపెట్టింది. మా ఆయన తెడ్డు నీళ్లలో పెట్టబోతే వద్దని సైగ చేశారు. తెడ్లు రెండూ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. ఏరు మమ్మల్ని కొండలకేసి తీసుకుపోవడం మొదలుపెట్టింది. నీళ్లూ మేమూ ఒకే వేగంతో పోతున్నాం కాబట్టి కదులుతున్నట్టే లేదు, ఒడ్డున చెట్లే సముద్రంకేసి పోతున్నాయి.

గెలిచింది కదా, అత్తగారు ఇప్పుడు ఏమంటుందా అని నేను ఎదురుచూశాను. నేనైతే నలభై ఏళ్ల బాకీ ఆ గట్టు చేరేలోపు తీర్చుకునేదాన్ని. ఆవిడ మా వైపు తిరిగే కూర్చుని ఉంది. చీర చెంగుతో మొహం తుడుచుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

"అందరూ అని అని ఆకరికి నాకే అనుమానమొచ్చీసింది. ఇలాటి ఏరు నేదేమో, సిన్నప్పుడు కలగన్నానేమో అనీసి" అంది. "బతికున్నాను గాబట్టి సరిపోయింది. సూడకండా సచ్చిపోతే నాను అబద్దాలకోరుననుకునే పోదును."

ఆ మాట ఆవిడ ఎవరి మీదా నిష్టూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు చెప్పింది. అందుకే నాకు గుండెల్లో గుచ్చుకుంది. ఇన్నాళ్లూ ఆవిడకి కావలసింది మావగారి చేత ఒప్పించుకోవడం అనుకున్నాను. ఆవిడ వచ్చింది తన మాట తనకైనా నిజమో కాదో చూసుకోవడానికి.

పడవ మడచెట్ల వంపు దాటింది. మావగారు జాకెట్టు బకిలు విప్పుకుని, మళ్లీ పెట్టుకున్నారు. గొంతు సవరించుకున్నారు. తప్పయిందని అంటారేమో అనుకున్నాను, అది ఆయన నోట పలికే మాట కాదు. నా భుజం మీదుగా ముందుకి వంగి ఆవిడని అడిగారు.

"ఇంకా ఏటేటి సెప్పేవే నువ్వు, నాను నమ్మనివి?"

అత్తగారు ఆయన్ని కొత్త మనిషిని చూసినట్టు చూసింది. సానా ఉన్నాయంది. నీళ్లకేసి చూసింది. ఏది ముందు చెప్పాలో వెతుక్కుంటోంది కాబోలు.

"వచ్చిన కొత్తల్లో, ఈ కొండలు మీద పడిపోతన్నట్టున్నాయి, నాకు రాత్రిళ్లు నిద్ర పట్టట్నేదని సెప్పేను. నవ్వేసేరు."

మావగారు నవ్వలేదు.

"తర్వాత?" అన్నారు.